దీపం లేని మలుపు

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, పిల్లలు క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తానని రాయబోయి చెయ్యి ఆగిపోయింది. బావ పోయి రెండు నెలలైనా కాలేదు.

నా దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. అంత దుఃఖంలో కూడా నా దగ్గు గుర్తుంచుకోవడం నీకే చెల్లింది. మీ పాప నాలాగే లెక్కలు చదువుతానంటోందని రాశావు. చదవనీ, నాలా కాకుండా.

మీ అత్తగారు "వాడిది మొదట్నుంచీ దుడుకే, చేతులారా ప్రాణం తీసుకున్నాడు" అంటున్నారని, నా లెక్కలేమంటాయని అడిగావు. బావది వేగం కాదక్కా. చీకట్లో ఆగి ఉన్న లారీ కనబడలేదు, అంతే. పోలీసుల కాగితంలో ఆ మాటే ఉంది, నా కళ్ళతో చూశాను. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించు.

ఇక చెప్పలేక నాన్చుతున్న మాట. నా పని నీకు తెలుసు కదా. పాత ప్రమాదాల మీద పోలీసులు నింపిన కాగితాలన్నీ ముందేసుకుని వాన, వేగం, మలుపు, వెలుతురు, వీటిలో ఏది ఎంత ముప్పు పెంచుతుందో లెక్కగట్టి, రోడ్లని వరుస పెట్టడం. వరుసలో పైనున్న చోట్లకే ముందు దీపాలు వేస్తారు. "కుర్చీలో కూర్చునే యాక్సిడెంట్లు ఆపేస్తున్నావటగా మరదలా!" అని బావ ఆటపట్టించేవాడు.

కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా దాన్ని తీసి పక్కన పెట్టడం మా ఆఫీసు అలవాటు. నూట నలభై కాగితాల్లో వీధిదీపం గడి ఖాళీ. బద్ధకించి వదిలేశారనుకుని అన్నీ తీసేశాను. చీకటి మలుపులో బావ పోయాక అనుమానమొచ్చి, ఆ కాగితాలు నింపే పోలీస్ స్టేషన్ రైటర్ని అడిగాను.

"ఫారంలో వెలుగుతోంది, వెలగట్లేదు అని రెండే ఉన్నాయి మేడమ్. స్తంభమే లేనిచోట దేనికి టిక్కు పెట్టమంటారు?" అన్నాడు.

తీసేసిన కాగితాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. అసలు దీపాలే లేని మలుపుల్ని ఏరి ఏరి లెక్కలోంచి పారేసింది నేనే. బావ పోయిన మీ మిల్లు మలుపు నా వరుసలో అరవైమూడోది. తీసేసినవి కలిపి చూస్తే మూడోది. మొదటి పదింటికి పోయినేడే దీపాలు వచ్చాయి.

తప్పు నాదేనని పై అధికారికి రాసిచ్చాను. "ఎవరూ గమనించలేదు కదమ్మా, ఎందుకు నెత్తిమీదకి తెచ్చుకుంటావు?" అన్నారాయన. కొత్త వరుస మాత్రం తీసుకున్నారు. నిన్ను క్షమించమని అడగను అక్కా, అడిగే ముఖం లేదు.

నిన్న బావ కాగితం లెక్కలో చేర్చడానికి నా బల్లమీదకి వచ్చింది. వీధిదీపం గడి ఖాళీగానే ఉంది. "దీపం లేదు" అని నా చేత్తోనే రాశాను.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే, నీ చెల్లెలు