కొమురవ్వ అరుగు మీది నెట్టు

శ్రీధర్ తమ్మీ,

రేపటి సంది అమ్మ ఫోన్ రాకుంటే దుబాయిల నువ్వు గాబరా పడకు. అమ్మ మంచిగనే ఉన్నది. మీ ఇంటి నెట్టే బంద్ అయితది. ఊరికి లైన్ ఇచ్చినోన్ని గదా, నేనే కట్ చెయ్యాలె. మీ నెట్టు మీద ఎవరో దొంగ సినిమాలు పంచుతున్నరని కంపెనోళ్లకు అనుమానమొచ్చింది.

నాకు నవ్వొచ్చింది. ఫోన్ల పచ్చ బటన్ ఒత్తుడు తప్ప మీ అమ్మకు, మా కొమురవ్వ చిన్నమ్మకు ఏం తెల్వది. పోయి చూస్తే మీ తలుపు మీద సుద్దముక్కతోని పాస్‌వర్డ్ రాసి ఉన్నది. మొగళ్లు గల్ఫ్‌ల ఉన్న ఆడోళ్లందరు మీ అరుగు మీద కూసోని మాట్లాడుతున్నరు.

“పాస్‌వర్డ్ మారుస్త చిన్నమ్మా, ఇగ ఎవ్వలకు చెప్పకు” అన్న.

“మంచినీళ్లడిగితే గిలాస దాస్తమారా? పక్కింటి లత మొగడు మస్కట్ల దవాఖాన్ల ఉన్నడు. ఆ పిల్ల ఏడికి పోవాలె?” అన్నది.

సినిమాలు దింపి పంచింది ఎవలో కంపెనోళ్లకు తెల్వది, నాకూ తెల్వది. ఒక్కడు చేసిన పనికి వాడకట్టు మాటలన్ని బంద్ చేసుడేందని కంపెనోళ్లను అడిగిన. కట్ చెయ్యకుంటే ఊరి లైనే తీస్తమన్నరు.

అందుకే తీస్తున్న, తిట్టుకోకు. డ్యూటీ దిగినంక నా నంబర్‌కు వీడియో కాల్ చెయ్యి. చిన్నమ్మను నా కేబుల్ దుకాణంల కూసోబెడుత. పాస్‌వర్డ్ చెప్ప గని ఫోన్ అందరికిస్త. ఆమె ఒక్కతే రాదని నాకు తెలుసు. టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు తెప్పిచ్చి ఏసిన.

మీ ఇంటి ముందలి
కేబుల్ అన్న