వంగపండు రంగు జెండా

ఆదివారం రాత్రి

సాయంత్రం వెనక వీధి మంగ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మీ పడవ మీద జెండా తీయించు వదినా. అది చూస్తే మా పిల్లోడు ఒడ్డుకే రావట్లేదు" అంది.

"అది మా మామగారి నాటి రంగు వదినా. పడవని ఆడోళ్ళం ఒడ్డు నుంచి గుర్తుపట్టడానికి కట్టేది" అన్నాను.

"మరి మావోడి చెయ్యి విరగ్గొట్టిన కుర్రాళ్ళంతా అదే జెండా పట్టుకొచ్చారేంటి? మీ సత్తిబాబే ముందున్నాడు. పోయినోణ్ణి అనకూడదు గానీ..." అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

నా కొడుకు సత్తిబాబు బండి మీద నుంచి పడి చనిపోయి రెండు నెలలు. ఆ జెండా వాడు కట్టిందని వాళ్ళ నాన్నని కూడా ముట్టుకోనివ్వలేదు. ఎవరడిగినా మామగారి పేరే చెబుతున్నాను.

కుట్టింది నేనే కదా. నా పాత వంగపండు రంగు చీర చింపి జానెడు ముక్క కుడుతుంటే, "ఇంకా పెద్దది కావాలమ్మా" అన్నాడు.

"నాకు ఇది కనబడుద్ది లేరా."

"నీకు కాదే, ఆ వెనక వీధోళ్ళకి కనబడాలి" అని నవ్వాడు. నేనూ నవ్వి ఇంకో మూర అతికాను. ఎందుకని అడగలేదు.

రేపు ఆయన వేటకి బయల్దేరకముందే జెండా తీసేస్తాను. అతికిన మూర మంగ ఎదుటే పొయ్యిలో పెడతాను. ముడి మాత్రం వాడి చేత్తో వేసింది. విప్పను. తాడు కోసి తెచ్చుకుంటాను.