పెదనాన్న లెక్కలో రెండెక్కువ

మే 3, ఉదయం 6
వాచ్ టవర్ మీద రాస్తున్నాను. సెలవుల్లో పక్షుల లెక్కకు నన్ను తీసుకున్నారు! ఇద్దరు ఒకేచోట నిలబడి విడివిడిగా లెక్కపెట్టాలి. అంకెలు ఒకరికొకరు చెప్పుకోకూడదు. రెండో మనిషి మా పెదనాన్నే, ఇరవై రెండేళ్లుగా ఈ పక్షుల కేంద్రంలో వాచర్. సంచిలో పదకోశం మోస్తానని నన్ను డిక్షనరీ అంటాడు. ఇవాళ్టి మాట: నీరెండ. అప్పుడే వాడేశాను. నీరెండలో కొంగలు.

మే 9
ఏమే డిక్షనరీ, నీకెన్నొచ్చాయి అన్నాడు పెదనాన్న. చెప్పకూడదుగా అన్నాను. మీ పెద్దమ్మతో కూడా అననులే, చెప్పు అన్నాడు. నవ్వొచ్చి చెప్పేశాను. కొంగలు 112. తను 114 వేసుకున్నాడు. తుంగ వెనక నువ్వెప్పుడూ రెంటిని వదిలేస్తావే అన్నాడు.

మే 16
రోజూ అడుగుతున్నాడు. రోజూ నాకంటే రెండెక్కువ.

మే 20
పరీక్ష పెట్టాను. నీటికాకులు నలభై ఉంటే అరవై అన్నాను. అరవై రెండు రాసుకున్నాడు. ఒళ్లు మండింది. నేను చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే, ఈయన బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని ఊరికే నిలబడుతున్నాడన్నమాట. షీటులో రిమార్క్స్ గడి నింపాను: రెండో వ్యక్తి అంకెలు నా అంకెల నీడలు. నీడలు! ఎంత బాగా కుదిరిందో. నాలుగుసార్లు చదువుకుని ఆఫీసులో ఇచ్చేశాను.

మే 27
రేంజర్ టవరెక్కి నా వాక్యం పైకి చదివాడు. మా పిల్ల బాగా రాస్తుందండీ అని పెదనాన్న నవ్వాడు. ఎదురుగా బురదలో గూడబాతులు ఎన్నున్నాయో చెప్పమన్నాడు రేంజర్. పెదనాన్న బైనాక్యులర్స్ ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. నావైపు కూడా కాదు, నా భుజం పక్కనున్న కమ్మీ వైపు. నీకెన్నొచ్చాయమ్మా అన్నాడు. అమ్మాయి చెప్పకూడదు అన్నాడు రేంజర్.
నేను చెప్పలేదు.
పదిహేనుంటాయండీ అన్నాడు పెదనాన్న.
అక్కడ ఒక్క పక్షీ లేదు. పడవలు కట్టే గుంజలున్నాయి.

మే 28
రెండేళ్లుగా చూపు తగ్గిపోతోందట. ఇక రాదన్నాడట డాక్టర్. పెద్దమ్మ గిన్నెలు తోముతూ, నావైపు చూడకుండా చెప్పింది. టీ పోసేటప్పుడు గ్లాసులో వేలు పెట్టి చూసుకుంటాడు. నేను ఛీ, ఆ వేలేంటి పెదనాన్నా అనేదాన్ని. ఈ ఒక్క వేసవీ, గూళ్లలో పిల్లలు ఎగిరేదాకా ఉండి తనే మానేస్తానన్నాడట. మన పిల్ల తోడుందిగా, నెట్టుకొచ్చేస్తాలే అన్నాడట.
మన పిల్ల.

జూన్ 1
యూనిఫాం, విజిల్, బైనాక్యులర్స్ అప్పగించాం. టవర్ దిగేటప్పుడు చెయ్యి అందించాను. పదిహేడు మెట్లే, నాకు తెలుసు, నువ్వు జాగ్రత్త అన్నాడు. దారంతా ఏడ్చాను. తిట్టు పెదనాన్నా అన్నాను. కాసేపు నడిచాక, నీడలు... మంచి మాటే పట్టావు అన్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది.

జూన్ 4
పదకోశం తెరవలేదు.

జూన్ 12, సాయంత్రం
కొత్త వాచరుతో లెక్క ముగించుకుని వచ్చాను. పెదనాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఎన్ని అన్నాడు. కొంగలు తొంభై ఆరు అన్నాను. ఒళ్లో నోట్‌బుక్ తెరిచి, పేజీ నిండేంత పెద్దగా 98 వేసుకున్నాడు.
నేనూ ఇక్కడ దిద్దుకుంటున్నాను. 98.