ఏసీ బాగైన రోజు

మే నెల, మంగళవారం

ఉదయం కారుకి కొత్త కంప్రెసర్ వేయించాను. పాతది జామైపోయి, అరిగిన ఇనుప రజను పైపుల్లోకి చేరిందట. "అదంతా కడిగీసి కొత్తది ఏసేను. ఇంక ఐసులాగ వస్తాది," అన్నాడు మెకానిక్. అలాగే వచ్చింది.

ఇదంతా బావ కోసమే. డయాలసిస్ మొదలయ్యాక అక్క ఆయనకు నీళ్లు కొలిచి పోస్తోంది. ఏసీ పాడైనప్పటి నుంచి శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లే దారంతా వడగాలికి ఆయన నాలుక పిడచకట్టుకుపోయేది. బొండాం నీళ్లు అసలు పడవని డాక్టరు చెప్పాడు. ఉద్దానంలో సొంత కొబ్బరితోట ఉన్న మనిషి, రోడ్డు పక్క బొండాల బండి కనబడితే చాలు, "ఒరే, ఒక్క గుక్కరా" అని బతిమాలేవాడు. నేను వినబడనట్టు పోనిచ్చేవాణ్ణి.

ఈరోజు చల్లగాలి ఆయన వైపే తిప్పి పెట్టాను. కాసేపటికి తువ్వాలు మెడకు చుట్టుకుని, "ఆపీరా, సలేస్తన్నాది," అన్నాడు. ఆపి అద్దాలు దించాను. నిప్పుల్లాంటి గాలి కొట్టింది. అయినా వణుకు తగ్గలేదు.

బొండాల బండి దగ్గర కారు నేనే నెమ్మది చేశాను, అడుగుతాడేమోనని.

ఆయన అటు చూడనే లేదు.