పళ్ల మధ్య పెట్టుకోవాల్సిన పిన్ను

రేవు వెనక షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు జెట్ పడవలు బాగుచేసిన మెకానిక్కును నేను. వయసు అరవై తొమ్మిది. చేతులు రెండూ వణుకుతున్నా బుద్ధి వణకని స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, మంచం మీద నుంచి చెప్పి ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు. పానా పట్టగలిగినంత కాలం చావు గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది.

1. షెడ్డు పైనున్న రెండు గదులు, ఇనుప మెట్లు, సామానుతో సహా నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. మూడో మెట్టు వదులైంది. బోల్టు మార్చమని నాలుగు నెలలుగా మొత్తుకుంటుంటే "చూద్దాంలే నాన్నా" అంటోంది. ఇక ఆ మెట్టు తనదే కాబట్టి తనే చూసుకుంటుంది.

2. నా బావమరిదికి గట్టిపడిపోయిన గ్రీజు డబ్బా. ఇసుక తుడవకుండా కీలు మీద గ్రీజు పూయడమంటే ముఖం కడగకుండా పౌడరు రాసుకోవడమేనని ఇరవై ఏళ్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నా దగ్గర తీసుకెళ్లిన పన్నెండో నంబరు పానా మాత్రం నేను బతికుండగానే తెచ్చివ్వాలని మనవి.

3. నా సొంత జెట్ పడవ, ట్రైలరుతో సహా, నా తమ్ముడికి. వద్దంటాడని తెలుసు. పదకొండేళ్లుగా వాడు స్టీరింగు ముట్టలేదు, రేవులో టికెట్లు చింపుతున్నాడు. ఎందుకిస్తున్నానో ఐదో అంశంలో ఉంది. అక్కడిదాకా రావడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

4. పడవతో పాటు దాని స్టీరింగు సరిచేసే పద్ధతి కూడా ఆస్తే. ఈ పడవకి చుక్కాని లేదు. వెనక నీళ్లు చిమ్మే నాజిల్ ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతుంది. ముందున్న చక్రానికీ ఆ నాజిల్‌కీ మధ్య ఒక కేబులు, ఒక రాడ్డు, రెండు కీళ్లు, అంతే. చక్రం నడిమికి తెస్తే నాజిల్ కూడా నడిమికి రావాలి. రాకపోతే లాక్ నట్టు వదులు చేసి, కీలు విప్పి, రాడ్డు కొసను సగం చుట్టు చొప్పున తిప్పి చూడాలి. అరిగిన కీలును మార్చాలి, బిగించి సరిపెట్టుకోకూడదు. చివరికి చక్రాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని చూసుకోవాలి.

కీలు నట్టు ఊడకుండా అడ్డంగా గుచ్చే చిన్న పిన్ను ఒకటుంటుంది. తీయగానే దాన్ని పళ్ల మధ్య పెట్టుకోవాలి. తిరిగి గుచ్చేదాకా ఎవరు పిలిచినా పలకకూడదు. మా షెడ్డులో ఆ నియమం పెట్టింది నేనే. నోట్లో పిన్నుంటే నేను మూగవాణ్ణని రేవంతటికీ తెలుసు.

5. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, పిన్ను పళ్ల మధ్య ఉండగా, ఆ పడవ నడపాల్సిన తమ్ముడు పావుగంట ఆలస్యంగా వచ్చాడు. తొమ్మిదిమంది ప్రయాణికులు గట్టు మీద ఎదురుచూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. పిన్ను తీసి చొక్కా జేబులో వేసుకుని, వాణ్ణి అందరి ముందూ కడిగిపారేశాను. తిట్టడం పూర్తయ్యేసరికి పని కూడా పూర్తయిందనుకున్నాను. మూత బిగించేశాను.

రెండో మలుపు దగ్గర నట్టు ఊడింది, రాడ్డు జారింది. వాడు చక్రం తిప్పినా పడవ తిరగలేదు, నేరుగా బండలెక్కింది. ప్రయాణికులు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. వాడి మోకాలు నుజ్జయింది. పడవ వెనక భాగమంతా చితికిపోవడంతో రాడ్డును ఎవరూ అనుమానించలేదు. జెట్ పడవలో గ్యాస్ వదిలేస్తే, అంటే యాక్సిలరేటరు మీద పట్టు సడలిస్తే, నాజిల్‌లో నీళ్ల జోరు తగ్గి స్టీరింగు పనిచేయదు. భయపడి గ్యాస్ వదిలేశాడని పడవల కమిటీ తేల్చి, పడవ నడపడానికి వాడికిచ్చిన కార్డు రద్దుచేసింది. మొదట్లో "వదల్లేదు, గట్టిగానే పట్టుకున్నాను" అన్నాడు. పదిమందీ పది రోజులు అదే మాట అనేసరికి, "వదిలే ఉంటానన్నయ్యా, నాకే తెలియలేదేమో" అన్నాడు. పిన్ను నాకు ప్రమాదం జరిగిన సాయంత్రమే జేబులో దొరికింది. నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు వాడే నాకు గడ్డం గీస్తాడు, వాడే తినిపిస్తాడు. చెబుదామని నోరు తెరుస్తాను, ముద్ద పెడతాడు. మింగాక చెప్పొచ్చు కదా అంటారు. నిజమే. చెప్పలేకపోయాను, నేను పిరికివాణ్ణి. పడవ ఇస్తే మోకాలు తిరిగిరాదు, పదకొండేళ్లు అసలే రావు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. నేను పోయాక నా కూతురు ఈ అంశాన్ని కమిటీ ముందు గట్టిగా చదవాలి.

6. పై అంశాలన్నీ దస్తావేజు లేఖరి నాకు చదివి వినిపించాడు. ఆయనది పెద్ద గొంతు. నాకు తినిపించడానికి పళ్లెంతో వచ్చిన తమ్ముడు తలుపవతల నిలబడ్డాడని మా ఇద్దరికీ తెలియదు. చదవడం అయ్యాక లోపలికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. అడ్డం పెట్టుకోవడానికి నా చేతులు లేవవు. వాడు ఒక్క మాటే అడిగాడు.

"అయితే ఆ రోజు నేను గ్యాస్ వదల్లేదా, అన్నయ్యా?"

వదల్లేదన్నాను.

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. పళ్లెం బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇది కూడా రాయమని లేఖరితో చెప్పాను. పళ్లెం నాకు కనబడుతోంది, అందదు.

పదకొండో నెల పద్నాలుగో తేదీ, మధ్యాహ్నం.

వేలిముద్ర: మెకానిక్కు (చెయ్యి నిలవనందున లేఖరి పట్టుకుని వేయించినది)

సాక్షులు:
1. పక్క షెడ్డు వెల్డరు
2. రేవు కాపలాదారు