ముప్పై దాటని బండి

మామయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమమే, బండికే బాగోలేదు. నీళ్ళ పంపు షెడ్డుకి రోజూ వేసుకెళ్ళే నా నాలుగు చక్రాల బండి సంగతి చెబుతున్నాను. రాళ్ళూ గుంటలూ లెక్కచెయ్యకుండా ఎక్కేస్తుందే, అదే. పోయిన నెల నువ్వే సర్వీసు చేసి పంపావు. అంతకుముందు అరవైలో పోయేది. ఇప్పుడు స్టార్టింగుకి వంక లేదు, మొదట్లో బాగానే లాగుతుంది, పైకి పోయేసరికి ఊపు చచ్చిపోతోంది. బొటనవేలు నొప్పెట్టేలా హ్యాండిలు మీది ఎక్సలేటరు మీట నొక్కినా ముప్పై దాటదు. నాకు వేగం కావాలి మామయ్యా, సరదాకి కాదు. ఏం విప్పాలో, ఏం తుడవాలో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: షెడ్డుకి దారి పక్కవాళ్ళ పచ్చికబీడు మధ్యలోంచి. అందులో కొత్తగా ఒక ఎద్దుని తెచ్చి వదిలారు. నేనంటే దానికి బొత్తిగా గిట్టడం లేదు, కనపడితే తరుముతోంది. అమ్మకి చెప్పకు.


పిచ్చుకకి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కళ్ళజోడు కాడ విరిగిపోతే, అద్దం ఒక కంటికి ఆనించుకుని నీ సంతకం దాకా చదివాను. పైకి అంటే కొండ పైకేగా? ఎత్తెక్కితే మనుషులకే ఆయాసం, బండి ఎంత చెప్పు. అయినా అనుమానం ఎందుకు, సీటు కింద గాలి ఫిల్టరు ఉంటుంది, స్పాంజి ముక్కలాగా. దుమ్ము పట్టి ఊపిరాడకపోతే బండి పెద్ద వేగం అందుకోదు. సబ్బు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, ఫిల్టరు నూనె పట్టించు. అలాగే పరిగెత్తేటప్పుడు వెనక నుంచి ఏమైనా చప్పుడు వస్తోందేమో విను.

ముప్పై తక్కువేం కాదమ్మా. చెట్టూ చేమా చూసుకుంటూ పోవచ్చు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: ఈ మరమ్మతుల గొడవ మీ అమ్మ దాకా ఎందుకు? మనలో మనం చూసుకుందాం.


మామయ్యకి నమస్కారాలు.

ఫిల్టరు కడిగాను, ఆరబెట్టాను, నూనె పట్టించాను. ముప్పై. మళ్ళీ కడిగాను. ముప్పై.

వెనక నుంచి చప్పుడు వస్తోందా అని అడిగావు. ఎందుకు రాదు మామయ్యా, రోజూ వస్తోంది! ముందు దడదడ, తర్వాత బుసబుస. నేను ఏ గుంట దగ్గరో నెమ్మదించానా, ఇంకా దగ్గరవుతుంది. నిన్న వీపుకి వేడి గాలి తగిలింది. అవతలి గేటు దాటి గొళ్ళెం పెట్టాక, పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూశాను. త్వరగా ఏదో ఒకటి చెప్పు.

ఇట్లు,
భయంతో నీ మేనకోడలు

తా.క.: వెనక సామాను కట్టే ఇనప చట్రం వంగిపోయింది. కొమ్ము తగిలి.


పిచ్చుకకి మామయ్య ఆశీస్సులు.

బుసబుస, వీపుకి వేడి గాలి! ఇంక సందేహం లేదు, సైలెన్సరు. దాని లోపల నిప్పురవ్వలు బయటికి రాకుండా ఒక చిన్న జాలీ ఉంటుంది, మసి పట్టి పూడుకుపోతే బండి పై వేగంలో చతికిలపడుతుంది. లీకు కూడా ఉన్నట్టుంది. ఇంతదానికి భయమెందుకే?

ఇలా చెయ్యి. గుడ్డ బాగా తడిపి, వెనక్కి వెళ్ళి, దాని మూతికి అడ్డంగా గట్టిగా అదిమి పట్టు. ఒకటి రెండు క్షణాలు చాలు. బుస ఆగిందా, సరే. ఆగలేదా, చెయ్యి దూరంగానే ఉంచి మెడ దగ్గర చూడు, అక్కణ్ణుంచే వస్తూ ఉంటుంది. చల్లారాక చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వెయ్యి, లోపలిదంతా బయటికి రాలుతుంది. భయపడితే పని జరగదు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: మరీ ఎర్రబడితే మాత్రం దూరంగా జరుగు.


మామయ్యా,

నీకు మతి ఉందా? ఎద్దు మూతికి తడిగుడ్డ అదమాలా? సుత్తితో కొట్టాలా?

నీ మాట నేనెప్పుడూ కాదనలేదు. అందుకే నిజంగానే గుడ్డ తడిపి జేబులో పెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర దాని మొహం చూశాక పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

నాకు నిజంగా భయంగా ఉంది మామయ్యా. పంపు వెయ్యకపోతే కింద ఒక్క కుళాయిలోనూ నీళ్ళు రావు. వేద్దామని వెళ్తే అది వస్తుంది. వేరే దారి లేదు. బీడు వాళ్ళకి చెబితే, "ఆడుకుంటోందిలే అమ్మా" అన్నారు. పైగా గురువారం అమ్మ వస్తోంది. నేను పనిచేసే షెడ్డు చూడాలట, బండి వెనక కూర్చుంటుందట.

నీ మేనకోడలు

తా.క.: గుడ్డ ఇంకా జేబులోనే ఉంది. చెమట తుడుచుకోడానికి పనికొస్తోంది.


పిచ్చుకా,

ఎద్దా? ఏ ఎద్దు? నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చూశాను. నీ సంతకం కింద ఉంది ఎద్దు! ప్రాణం మీదికొచ్చే సంగతి సంతకం కింద రాస్తారటే ఎవరైనా?

ఆ బండి ఎక్కకు. అక్కని అసలే ఎక్కించకు. ఎందుకని అడక్కు. శనివారం స్పానరు పట్టుకుని నేనే వస్తున్నాను. నాకు ముచ్చెమటలు పోస్తున్నాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

మామయ్య

తా.క.: ఎద్దు ఎంత వేగం పోగలదు? ముప్పైలోపేనా?


మామయ్యకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మేం గురువారమే వెళ్ళాం.

ఎద్దు అటు చివర మేస్తున్నప్పుడు చూసి బయల్దేరాను. సగం బీడు దాటామో లేదో, దడదడ మొదలైంది. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత నా నడుం పట్టుకున్న పట్టుకి నాకు ఊపిరి అందలేదు.

"పోనివ్వవే! ఇంకా జోరుగా పోనివ్వు!"

"ఇంతేనమ్మా, ఇంతకన్నా పోదు!"

"మీ మామయ్య బిగించిన మర విప్పవే!"

"ఏ మర?" అన్నాను. ఎద్దుని వెనక పెట్టుకుని మా అమ్మ మొత్తం చెప్పేసింది మామయ్యా. నేను పోయినసారి బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ తనకి కంటి మీద కునుకు లేదట. సర్వీసుకొచ్చినప్పుడు నీ మీద ఒట్టు పెట్టించుకుని, ఎక్సలేటరు మీట పూర్తిగా నొక్కుకోకుండా దాని పక్కనున్న చిన్న మర బిగించమందట. మీట అక్కడితో ఆగుతుంటే పూర్తిగా నొక్కాననే అనుకున్నాను. నువ్వేమో అక్కకి జడిసి నాచేత ఫిల్టరు కడిగించావు!

చివరికి అమ్మ తన చేతిసంచి దాని మొహాన విసిరింది. అది ఆగి సంచి పని పట్టింది, మేం గేటు దాటాం. అవతలపక్క ఇద్దరం నేల మీద కూలబడి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. "నువ్వు బాగుండాలనే కదే చేయించాను, చేజేతులా నిన్ను దానికి అప్పగించేదాన్ని" అంది అమ్మ. నాకు తన మీద కోపం రాలేదు. నీ మీదే వచ్చింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని స్పానరు అడిగింది. మర పూర్తిగా విప్పుతుందనుకున్నాను. "అది ఎంతలో వస్తుంది?" అంది. ముప్పై అయిదుకి మించదన్నాను. షెడ్డు ముందు అటూ ఇటూ నాచేత నడిపించి, స్పీడు ముల్లు చూసుకుంటూ, ఒక్కో చుట్టు వదులు చేసి నలభై దగ్గర ఆపేసింది.

"దానికన్నా అయిదు ఎక్కువ. అంతకుమించి నీకేం పని?" అంది.

నువ్వు రానక్కర్లేదు.

ఇట్లు,
నలభైలో నీ మేనకోడలు

తా.క.: ఎద్దు వేగం పెరిగితే వెంటనే ఉత్తరం రాయమంది అమ్మ. నీకు కాదట, తనకి.