మంచు కూర్చున్న చోటు

నాన్నా,

ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, "తిన్నావా" అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువుకో, అమ్మ చేత చదివించుకోకు.

నేనేం పని చేస్తానని సైదాబీ అత్త అడిగితే "అంగారకుడి మీద నీళ్లు చూసుద్ది, నాలాగే" అన్నావట. నవ్వొచ్చింది గానీ నిజమే. అక్కడ తిరిగే ఉపగ్రహం పంపిన ఫొటోల్లో తెల్లవారేసరికి లోయల అడుగున పొగమంచు కనబడుతుంది. గాలి మరీ పలచన కాబట్టి గడ్డకట్టిన నీరు కరగకుండానే ఆవిరైపోతుంది. కానీ ఉప్పు మట్టి ఉన్నచోట ఆ తేమను పీల్చుకుని కాసేపైనా తడి నిలవొచ్చు. నిలిచిందో లేదో చూసినవాళ్లు లేరు. సోమవారం మా సంస్థ పెద్దల ముందు నేను ఒక లోయ మీద వేలు పెట్టి, తర్వాతి నౌక దిగాల్సింది "ఇక్కడ" అనాలి. వేలు లేవడం లేదు నాన్నా.

ఎందుకో చెబుతాను. చలికాలం పొద్దున్నే, కొట్టు తెరవకముందు, నన్ను చేలగట్ల మీదికి తీసుకెళ్లేవాడివి. "మంచు ఊరికే కూర్చోదమ్మా, అడుగున చెమ్మ ఉంటేనే కూర్చుంటది" అనేవాడివి. నువ్వు రాయి పెట్టినచోటే ఊరంతా బోరు వేసేది. నా పదో తరగతిలో త్రికోటేశ్వరరావు బాబాయి బత్తాయి తోటలో రాయి పెట్టావు. ఇదంతా ఒట్టి నమ్మకమని మా సైన్సు టీచరు అన్నారు. తేల్చుకుందామని ఆ సాయంత్రం నేను వెళ్లి రాయిని ఇరవై అడుగులు పక్కకు జరిపాను. అక్కడా నీళ్లు పడితే నీ విద్య ఒట్టిదని నా లెక్క.

ఆరువందల అడుగుల దాకా దుమ్మే లేచింది. తోట ఎండిపోయింది. చెట్లు నరికించిన రోజు నువ్వు వాళ్ల గుమ్మంలో తల దించుకుని "తప్పు నాదే కోటేశ్వరా" అన్నావు. నీ వెనకే ఉన్నాను, రాయి జరిపింది నేనని చెప్పలేదు. మళ్లీ నువ్వు ఏ చేలోనూ రాయి పెట్టలేదు. నీళ్ల గురునాథం కాస్తా దుమ్ము గురునాథం అయ్యాడు. పన్నెండేళ్లుగా ఆ పేరు నీ చేత మోయిస్తున్నది నేనే. నన్ను తిట్టు నాన్నా.

నీ ఉజ్వల


అమ్మా ఉజ్వలా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ "ఏంది, అంతసేపు చదువుతున్నావు" అంటే, పిల్ల చేతిరాత పాడైంది అన్నాను.

రాయి జరిగిన సంగతి నాకు మర్నాడే తెలుసు. పాదుల్లో నీ చెప్పుల గుర్తులున్నాయి. అయినా వెనక్కి జరపలేదు. ఆ తోటలో మూడు పొద్దులు తిరిగానమ్మా, మంచు ఎక్కడా కూర్చోలేదు. నీళ్లు లేవని చెబుదామని వస్తే కోటేశ్వరరావు తువ్వాలు నలుపుకుంటూ "అన్నా, ఎక్కడో ఒకచోట చూపియ్యి" అన్నాడు. లేదనటానికి నోరు రాలేదు. కాళ్ల దగ్గరున్న రాయి తీసి అక్కడే పెట్టాను. నువ్వు జరిపితే, పిల్ల చేతి చలవైనా పనిచేస్తుందేమోనని ఊరుకున్నాను. నీకు చెబితే నా అబద్ధం బయటపడుతుందని ఇన్నేళ్లూ ఊరుకున్నాను. తిట్లు తినాల్సింది నేను.

సోమవారం మంచు కూర్చుంటే కూర్చుందని చెప్పు. అడుగున ఏముందో తెలియకపోతే తెలియదని చెప్పు. నీ లోయలో తువ్వాలు పట్టుకుని నిలబడేవాళ్లు లేరు, అది నీ అదృష్టం.

ఇక్కడ ఉన్నారు. కోటేశ్వరరావుకి మిగిలిన ఒక్క బోరూ మొన్న ఆగిపోయింది. పన్నెండేళ్ల తర్వాత మన గడప తొక్కాడు. "అప్పటిది మర్చిపోయానన్నా, ఇంకొక్కసారి చూడు" అన్నాడు. ఈ పొద్దున అతని చేలో అంతా తిరిగొచ్చాను. చుక్క మంచు లేదు. అతను మన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మంచినీళ్లిచ్చినా తాగడం లేదు. నేను లోపల కూర్చుని నీకిది రాస్తున్నాను. వస్తూ వస్తూ చేలో నుంచి ఒక రాయి తెచ్చుకున్నాను తల్లీ, ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

మీ నాన్న,
గురునాథం